రైజెన్ 5 7600, కోర్ ఐ5-13400: పర్లాకిమిడి స్టూడియో ప్రాజెక్టు డైరీ

శుక్రవారం. సామాను

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్ళి వీడియోలు చేసే స్టూడియోకి రెండు కంప్యూటర్లు బిగించాలి. పగలు ప్రీమియర్‌లో కటింగ్, ఫోటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు. రాత్రి షట్టర్ దించాక కుర్రాళ్ళు వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడతారు. ఒకదాంట్లో ఏఎమ్‌డీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఇంకోదాంట్లో ఇంటెల్ కోర్ ఐ5-13400. రెండూ 2023 జనవరిలో వచ్చినవే, రెండూ 65 వాట్ల తరగతివే. ఏది ఏ బల్లకి సరిపోతుందో, సరిహద్దు దాటగానే ఉన్న పాతపట్నం బ్రాంచికి మూడోది ఏది కొనాలో ఈ రెండింటినీ నడిపి తేల్చాలి.

కాగితం మీద తేడా ఇలా ఉంది. 7600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు), 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), బూస్ట్ 5.1 గిగాహెర్ట్జ్. 13400లో 6 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు, మొత్తం 16 థ్రెడ్లు, 20 ఎంబీ ఎల్3, బూస్ట్ 4.6. ఏఎమ్‌డీది ఏఎమ్5 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు), దానికి డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకేదీ పనికిరాదు. ఇంటెల్‌ది ఎల్‌జీఏ1700. బోర్డును బట్టి డీడీఆర్4 అయినా సరే, డీడీఆర్5 అయినా సరే. ఒకే బోర్డులో మాత్రం రెండూ ఉండవు. కొనేటప్పుడు బోర్డు పేరు చివర డీ4 అని ఉందో లేదో చూసుకోవాలి.

మిగతా సామాను రెండింటికీ ఒకటే: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ, కరెంటు సరఫరా చేసే 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎమ్‌పీఎస్, ముందు జాలీ ఉన్న క్యాబినెట్. ర్యామ్ ఒక్కటే వేరు. 7600కి బీ650 బోర్డు, కొత్త డీడీఆర్5-6000 సీఎల్30, 16 జీబీవి రెండు. 13400కి బీ760 డీడీఆర్4 బోర్డు, స్టూడియో పాత మెషిన్‌లోంచి తీసిన డీడీఆర్4-3200, అవి కూడా 16 జీబీవి రెండే. ర్యామ్ వేరైతే పోలిక సరికాదని అనేవాళ్ళుంటారు. కానీ కొనేవాడి ముందుండే అసలు ప్రశ్న అదే: ఇంట్లో ఉన్న ర్యామ్ వాడుకోవాలా, కొత్తది కొనాలా? 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎక్కిన తీరు చూస్తే, పాత 32 జీబీ చేతిలో ఉండడం చిన్న విషయం కాదు.

13400 కొనేటప్పుడు చివర ఎఫ్ లేనిదే అడిగి తెప్పించాం. ఎఫ్ ఉన్నదాంట్లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అందుకే కాస్త చవక. గేములకే అయితే ఎఫ్ చాలు. వీడియో పనికి ఎందుకు చాలదో మంగళవారం నాటి పనిలో తేలుతుంది.

శనివారం. బిగింపు

రెండు సాకెట్లలోనూ పిన్నులు బోర్డులోనే ఉంటాయి, ప్రాసెసర్ కింద చదునైన చుక్కలే. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత ముందే పీకకూడదు. ప్రాసెసర్ పెట్టి లీవర్ నొక్కుతుంటే అదే ఊడి వస్తుంది. ఆ మూతని బోర్డు పెట్టెలో దాచాలి. వారంటీకి పంపేటప్పుడు మూత లేకపోతే, పిన్ను వంగిందని తిరగ్గొట్టడానికి అవతలివాడికి వంక దొరికినట్టే. మూల మీది బంగారు త్రికోణం సాకెట్ మీది గుర్తుతో కలవాలి. పై నుంచి నిట్టనిలువుగా దించాలి, పక్కకి జరపకూడదు. లీవర్ నొక్కేటప్పుడు కాస్త గట్టిగానే అనిపిస్తుంది, ఏదో విరుగుతోందన్నట్టు కిరకిరమంటుంది. భయపడనక్కర్లేదు.

7600తో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్‌కి నాలుగు స్ప్రింగు స్క్రూలు. ముందు బోర్డు మీది రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి. పాత ఏఎమ్4లో అయితే బ్రాకెట్లు విప్పగానే వెనక ప్లేటు కింద పడిపోయేది. ఏఎమ్5లో సాకెట్ స్క్రూలే ప్లేటును పట్టి ఉంచుతాయి, కాబట్టి ఒంటి చేత్తో పని అయిపోతుంది. స్క్రూలు ఎదురెదురు మూలలవి రెండేసి చుట్ల చొప్పున బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకి పోతే కూలర్ ఓ పక్కకి ఒరిగి పేస్టు అటే పోతుంది. కూలర్ అడుగున పేస్టు ముందే రాసి ఉంటుంది, మళ్ళీ వేయనక్కర్లేదు. వేరే కూలర్ పెడితే మాత్రం పేస్టు తక్కువ వేయాలి. 7000 సిరీస్ ప్రాసెసర్ల లోహపు మూతకి అంచుల్లో గాళ్ళు ఉన్నాయి, ఎక్కువైన పేస్టు వాటిలోకి దిగి తర్వాత తుడవడం నరకం.

ఇంటెల్ డబ్బాలోని లామినార్ ఆర్ఎమ్1కి ప్లాస్టిక్ పుష్ పిన్నులు. ఈ ప్రాసెసర్‌తో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. నాలుగింట్లో ఒకటి సరిగ్గా దిగకపోయినా పైనుంచి చూస్తే తెలియదు, కంప్యూటర్ బాగానే లేస్తుంది. లోడు పడగానే క్షణాల్లో 100 డిగ్రీలకి పోయి స్పీడు కోసేసుకుంటుంది. పని జరగాల్సిన పద్ధతి: బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే కూలర్ ఎక్కించాలి. పిన్ను తలలు బాణం గుర్తుకి ఎదురుగా చివరిదాకా తిప్పి ఉండాలి. ఎదురెదురు పిన్నులు ఒకేసారి నొక్కాలి, టిక్కున వినపడాలి. తర్వాత బోర్డు వెనక్కి తిప్పి నాలుగు చోట్లా తెల్ల కాళ్ళు విచ్చుకుని నల్ల మేకు బయటికి పొడుచుకొచ్చిందో లేదో కళ్ళతో చూడాలి. ఈ మెషిన్‌లో ఒక మూల కాలు విచ్చుకోలేదు. పీకి మళ్ళీ నొక్కితే కూర్చుంది.

ర్యామ్ రెండు కడ్డీలూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో గాడి, నాలుగో గాడి. పక్కపక్కన పెడితే ఒకే ఛానల్‌లో పడి, ఆటలోనూ ఎడిటింగ్‌లోనూ దెబ్బ కనిపిస్తుంది.

శనివారం రాత్రి. మొదటి బూట్, బయోస్

7600 బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. ఇది జబ్బు కాదు. ఏఎమ్5 మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించి అలవాటు చేసుకుంటుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, బోర్డు మీద డీర్యామ్ అనే చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. తెలియక ఈ సమయంలోనే కరెంటు తీసేసి, బోర్డు పోయిందని పట్టుకొచ్చేవాళ్ళు చాలామంది. పది నిమిషాలు వదిలేయాలి. లేచాక బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) కొత్తది ఎక్కించి, ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకి పెట్టే ఎక్స్‌పో ఆన్ చేస్తే 6000కి వచ్చింది. చేయకపోతే 4800 దగ్గరే నడుస్తుంది, డబ్బు పెట్టి కొన్న స్పీడు వృథా. ఎక్స్‌పో పెట్టాక మళ్ళీ ఒకసారి అదే నల్ల తెర, అదే ఓపిక.

13400 వెంటనే లేచింది. ఎక్స్‌పో లాంటిదే అయిన ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేసి 3200 పెట్టాం. దీనికి మించిన డీడీఆర్4 కొనడం దండగ. కె లేని ఇంటెల్ ప్రాసెసర్లలో ర్యామ్ కంట్రోలర్ ఓల్టేజి తాళం వేసి ఉంటుంది. 3600 పెడితే చాలావాటిలో గేర్ 1 (కంట్రోలర్, ర్యామ్ సమాన వేగంతో నడవడం) నిలబడదు, కంట్రోలర్ సగం వేగంతో నడిచే గేర్ 2కి పడిపోతే లేటెన్సీ, అంటే ర్యామ్ జవాబుకి పట్టే ఆలస్యం, పెరుగుతుంది.

13, 14 తరం ఇంటెల్‌లో ఓల్టేజి ఎక్కువై ప్రాసెసర్లు చెడిపోయిన సంగతి 2024లో పెద్ద గొడవైంది. ఇంటెల్ వారంటీ పొడిగించిన జాబితాలో ఐ5లు 13600కె నుంచి మొదలవుతాయి, 13400 అందులో లేదు. అయినా 2024 సెప్టెంబరు తర్వాతి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) ఉన్న బయోస్ ఎక్కించడం మంచిది. పది నిమిషాల పని.

ఇంటెల్ బోర్డులో మరిచిపోకూడని ఇంకొకటి: ఐజీపీయూ మల్టీ మానిటర్. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. దీన్ని ఎనేబుల్ చేస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. ఎఫ్ లేనిది కొని ఈ ఒక్క మీట నొక్కకపోతే, ఎఫ్ కొన్నా ఒకటే.

వాలొరెంట్ కోసం రెండింటిలోనూ సెక్యూర్ బూట్, టీపీఎమ్ అనే భద్రతా సెట్టింగులు ఆన్ చేయాలి. ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎమ్ అంటారు, ఇంటెల్‌లో పీటీటీ. విండోస్ 11లో ఇవి లేకపోతే ఆట తెరుచుకోదు.

సోమవారం. కరెంటు, యూపీఎస్

గజపతి జిల్లాలో వేసవి సాయంత్రం గాలివాన వస్తే లైను పోవడం మామూలే. ఎక్స్‌పోర్టు (పూర్తయిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) మధ్యలో పోతే గంటల పని పోతుంది. స్టూడియోలో ఉన్నవి 600 వీఏ యూపీఎస్‌లు, అంటే 360 వాట్లు. సరిపోతాయా? లెక్క వేద్దాం.

7600 ప్యాకేజీ పవర్ పరిమితి 88 వాట్లు. 13400కి టర్బో పరిమితి 148. అది పైకప్పే, ప్రతిసారీ అంత తాగదు. కానీ యూపీఎస్‌కి పైకప్పుతోనే లెక్క కట్టాలి. కార్డు 170. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలిపి 45 అనుకుందాం. ఎస్‌ఎమ్‌పీఎస్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, 7600 పెట్టె గోడ నుంచి లాగేది 356 వాట్లు, మానిటర్ 25 కలిపితే 381. ఇంటెల్ పెట్టెకి అదే లెక్కన 452. రెండూ 360 దాటాయి. ఎక్స్‌పోర్టులో కార్డూ ప్రాసెసరూ కలిసి పనిచేస్తున్న సమయంలోనే కరెంటు పోతే యూపీఎస్ కీచుమని అరిచి చేతులెత్తేస్తుంది. మామూలుగా ఖాళీగా ఉన్నప్పుడు తీగ పీకి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతాం. పరీక్ష లోడులోనే చేయాలి.

దారి రెండు రకాలు. 1000 వీఏ యూపీఎస్, అంటే 600 వాట్లది కొనడం ఒకటి. ఉన్నదాంతోనే సర్దుకోవాలంటే, ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్ 76 శాతానికి దించాలి, 130 వాట్ల దగ్గర ఆగుతుంది. ఇంటెల్ బయోస్‌లో పీఎల్1 (ఎక్కువసేపటి పవర్ పరిమితి) 65, పీఎల్2 (టర్బో పరిమితి) 90 పెట్టాలి. అప్పుడు రెండు పెట్టెలూ 335 దగ్గరికి వస్తాయి. కార్డులో పోయే స్పీడు ఆటలో కనిపించనంత తక్కువ. 13400కి మాత్రం పొడవాటి రెండర్లలో కొంచెం తగ్గుతుంది. ఎడిటింగ్ బల్లకి కొత్త 1000 వీఏదే పెట్టించాం, గేముల బల్లకి పాతది లిమిట్లతో.

యూపీఎస్ మారే క్షణంలో కొన్ని ఎస్‌ఎమ్‌పీఎస్‌లు ఠక్కున ఆగిపోతాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్‌కి చవక యూపీఎస్ ఇచ్చే చదరపు తరంగం కొన్నిసార్లు పడదు. అందుకే రెండూ కలిపి దుకాణంలోనే పరీక్షించి తెచ్చుకోవడం మేలు. ఇక్కడివి నిలబడ్డాయి.

మంగళ, బుధ. వీడియో

ముందు అందరూ అడిగే అంకె. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23లో, అన్ని కోర్లూ కలిసి చేసే మల్టీ పరీక్షలో 7600 సుమారు 14 వేల పాయింట్లు, 13400 సుమారు 16 వేలు. ఒక్క కోరు పరీక్షలో 7600 కాస్త ముందు. చిన్న కోర్లు నాలుగూ మూకుమ్మడి పనిలో ఇంటెల్‌ని పైకి లాగుతాయి, ఒంటరి పనిలో ఏఎమ్‌డీ వేగం గెలుస్తుంది. ఫోటోషాప్ ఆల్బమ్ పేజీలు 7600 మీద చురుగ్గా కదిలాయి. ఎక్స్‌పోర్టు రెండింటిలోనూ దాదాపు సమానం, ఎందుకంటే ఆ పని చేసేది 3060లోని ఎన్‌కోడర్.

కానీ స్టూడియోలో పని ఆగేది ఎక్స్‌పోర్టు దగ్గర కాదు, టైమ్‌లైన్ మీద. "అన్నా, తాళిబొట్టు సీను లాగితే అతుక్కుపోతోంది" అని ఎడిటింగ్ కుర్రాడు అన్నది 7600 ముందు కూర్చుని. ఫైలు సోనీ ఏ7 4 కెమెరాది, 4కె, సెకనుకి 50 ఫ్రేములు, సోనీ ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ రకం, 4:2:2 10 బిట్. హెచ్ఈవీసీ అంటే వీడియోని కుదించే పద్ధతి. 4:2:2 అంటే రంగు వివరం ఎంత ఉంచారో చెప్పే లెక్క, 4:2:0లో తక్కువ, 4:4:4లో పూర్తిగా. ఇది హెచ్ఈవీసీ 4:2:2. దీన్ని విప్పే హార్డువేరు 3060లో లేదు. ఎన్విడియా 4:2:0నీ 4:4:4నీ విప్పుతుంది, మధ్యలోని 4:2:2ని 50 సిరీస్ కార్డుల నుంచే విప్పడం మొదలుపెట్టింది. 7600 లోపలి చిన్న గ్రాఫిక్స్‌కీ చేతకాదు. ఇక మిగిలింది ఆరు కోర్లే. ఒక కెమెరా అయితే ఎలాగో లాక్కొస్తాయి. రెండు కెమెరాలు మల్టీకామ్‌లో పెట్టి పైన రంగు దిద్దితే ప్రాసెసర్ నూరు శాతానికి పోయి ఫ్రేములు రాలతాయి.

13400 లోపలి యూహెచ్‌డీ 730కి ఈ 4:2:2 హెచ్ఈవీసీ విప్పడం వచ్చు. డెస్క్‌టాప్ ఇంటెల్‌లో 11వ తరం నుంచీ ఉన్న విద్య ఇది. ప్రీమియర్ ప్రిఫరెన్సుల్లో మీడియా పేజీలో హార్డువేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కి టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరవాలి. పనిచేస్తోందా లేదా టాస్క్ మేనేజర్‌లో తెలుస్తుంది. ఇంటెల్ జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ గీత పైకి లేవాలి. అదే రెండు కెమెరాల టైమ్‌లైన్ అక్కడ ఆగకుండా నడిచింది, ప్రాసెసర్ సగం కూడా వాడలేదు. నాలుగేళ్ళ నాటి పాత ర్యామ్ మీద! పెళ్ళి వీడియోల స్టూడియోకి ఈ ఒక్క గీత సినీబెంచ్ అంకెలన్నింటికన్నా విలువైనది.

ఇక్కడో మెలిక ఉంది. క్విక్‌సింక్ (ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం) హెచ్ఈవీసీకి ముందుతరం పద్ధతి హెచ్.264లో 4:2:2 10 బిట్‌ని ఈ తరంలో విప్పదు. సోనీలో 4కె 25 ఫ్రేములు కావాలంటే ఎక్స్ఏవీసీ హెచ్ఎస్‌లో కుదరదు, ఎక్స్ఏవీసీ ఎస్ ఎంచుకోవాలి. అది హెచ్.264. అప్పుడు 4:2:2 పెట్టి తీస్తే ఇంటెల్ కూడా ఏఎమ్‌డీ లాగే చతికిలపడుతుంది. అందుకని కెమెరామన్‌లకి చెప్పిన కట్టుబాటు: రంగు గట్టిగా దిద్దాల్సిన ముహూర్తం, తలంబ్రాలు హెచ్ఎస్ 50 ఫ్రేములు 4:2:2. ఊరేగింపు, విందు ఎస్‌లో 25 ఫ్రేములు 8 బిట్ 4:2:0. కెమెరాని ఎన్‌టీఎస్‌సీ మోడ్‌కి మార్చి 24 ఫ్రేములు తీద్దామనుకుంటే షట్టర్ 1/50 కానీ 1/100 కానీ పెట్టాలి, లేకపోతే మన 50 హెర్ట్జ్ కరెంటుకి మండపంలో లైట్లు మినుకుమంటాయి. 200 మెగాబిట్ల హెచ్ఎస్ గంటకి 90 జీబీ తింటుంది, 1 టీబీ డిస్కులో ఒక్క పెళ్ళి పెట్టుకుని కూర్చోవాల్సిందే. పాత పెళ్ళిళ్ళకి వేరే హార్డ్ డిస్కు తప్పదు.

7600 మీదే చేయాల్సి వస్తే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి మాత్రమే వాడే తేలిక నకళ్ళు, చేసుకోవాలి. కెమెరా మెమరీ కార్డు ఖాళీ చేసిన రాత్రే 720పీ ప్రోరెస్ ప్రాక్సీకి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి సిద్ధం. పద్ధతి బాగానే నడుస్తుంది. కానీ మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు ఆ రాత్రి ఉండదు.

13400తో ఎదురైన ఇబ్బంది ఒకటి రాయాలి. ఎక్స్‌పోర్టు పెట్టి కిటికీ మినిమైజ్ చేసి వేరే పని చూస్తే, విండోస్ ఆ పనిని చిన్న కోర్ల మీదికి తోసేస్తుంది. పావుగంటలో అయ్యేది ఈడుస్తుంది. సెట్టింగుల్లో పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చాక సర్దుకుంది. 7600లో చిన్న కోర్లే లేవు కాబట్టి ఈ తంటా లేదు.

పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ వేసేవాళ్ళకి: ప్రీమియర్ గ్రాఫిక్స్ ప్రిఫరెన్సుల్లో టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి. ప్రాసెసర్‌తో సంబంధం లేదు, కానీ కొత్త మెషిన్‌లో మొదటి రోజే వచ్చే ఫోన్ ఇదే.

గురువారం. ఆటలు

కొలవడానికి ఫ్రేములు లెక్కపెట్టే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ ప్రోగ్రామ్. ఒకే మ్యాపు, ఒకే దారి, ప్రతి ఆటా మూడేసి సార్లు, మొదటిది లెక్కలోకి తీసుకోకుండా. మొదటిసారి షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ ఆట కుదుపుతుంది, దాన్ని కలిపితే ఏ ప్రాసెసర్‌కైనా అన్యాయం.

జీటీఏ 5లో, పెద్ద కొత్త ఆటల్లో, 1080పీ హై సెట్టింగుల మీద రెండింటి మధ్య తేడా పట్టుకోవడం కష్టం. అక్కడ అడ్డం పడేది 3060. కార్డు వాడకం 97, 98 శాతం చూపిస్తుంటే ప్రాసెసర్ ఏదైనా ఒకటే. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2లో కథ మారుతుంది. సెట్టింగులు తగ్గించగానే భారం ప్రాసెసర్ మీద పడుతుంది, 7600 స్పష్టంగా ముందుంటుంది. పెద్ద క్యాషూ, ఎక్కువ క్లాకూ, డీడీఆర్5 కలిసి చేసే పని అది. సగటు కన్నా 1 శాతం లోలో, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల్లో, తేడా ఎక్కువ. పొగ బాంబు పేలినప్పుడు, ఐదుగురూ ఒకేసారి సైటు మీద పడినప్పుడు 7600లో ఫ్రేమ్ టైమ్ గీత నునుపుగా ఉంది, 13400లో ముళ్ళు లేచాయి.

అయితే ఆ తేడా కంటికి అందాలంటే 165 హెర్ట్జ్ మానిటర్ ఉండాలి. 75 హెర్ట్జ్ దాంట్లో రెండూ అవసరానికి మించే ఫ్రేములిస్తాయి. ప్రాసెసర్ మార్చే డబ్బుతో ముందు మానిటర్ మార్చుకోండి.

శుక్రవారం. ఏది ఏ బల్లకి

13400 ఎడిటింగ్ బల్లకి, 7600 రెండో బల్లకి. పగలు ఆల్బమ్ డిజైను, రాత్రి ఆటలు రెండూ 7600కి నప్పుతాయి.

ధర సంగతి. ప్రాసెసర్ ఒక్కదాని ధర పోల్చడం తప్పు లెక్క, బోర్డు, ర్యామ్ కలిపి చూడాలి. ఇంట్లో డీడీఆర్4 కడ్డీలు ఉన్నవాడికి ఇంటెల్ దారి తేలికగా చౌక. ఏమీ లేకుండా మొదలుపెట్టేవాడు ఇప్పుడు డీడీఆర్4 బోర్డు కొనడం నాకు నచ్చదు. ఎల్‌జీఏ1700 14వ తరంతో ముగిసింది, ఆ తర్వాతివి 2024 అక్టోబరులో వేరే సాకెట్‌కి వెళ్ళాయి. ఏఎమ్5 బోర్డులో ఇవాళ 7600 పెట్టి, రెండేళ్ళ తర్వాత బయోస్ ఎక్కించి 7800ఎక్స్3డీనో 9800ఎక్స్3డీనో దించుకోవచ్చు. ఆటలకోసం కొనేవాడికి అది నిజమైన ఆస్తి. ఎడిటింగ్‌కి కొనేవాడు మాత్రం తన కెమెరా ఏ ఫైలు రాస్తోందో ముందు చూడాలి. 8 బిట్ 4:2:0 తప్ప తీయనివాడికి 3060 చాలు, అప్పుడు 7600 తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

పాతపట్నం బ్రాంచిలో అదే సోనీ కెమెరా, పాత డీడీఆర్4 32 జీబీ ఉన్నాయి. కాబట్టి విశాఖపట్నానికి వెళ్ళే ఆర్డరు: కోర్ ఐ5-13400, డబ్బాతో వచ్చేదే, ట్రేది (డబ్బా లేకుండా విడిగా అమ్మేది) వద్దు. ట్రే ప్రాసెసర్‌కి కూలర్ ఉండదు, వారంటీ అమ్మినవాడి మాట మీదే. బీ760 డీ4 బోర్డు, వీఆర్ఎమ్ (బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీద హీట్ సింక్ ఉన్నది. 1000 వీఏ యూపీఎస్. డబ్బు ఇచ్చే ముందు పెట్టె మీద అంకె చివర ఎఫ్ లేదని చూడాలి, ప్రాసెసర్ మీది నంబరు, పెట్టె మీది నంబరు కలవాలి, అదే నంబరు బిల్లులో రాయించాలి.